జవాబు వరుస

నా గొంతును మెచ్చుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఢిల్లీ నుంచి వచ్చిన మంత్రి ఒకడు. ఆ ఒక్కడి మెప్పు మాత్రం ఒంటికి అంటిన మసిలాగే ఉండిపోయింది. ఎంత తోమినా పోదు.

ఆ ఏడు చలికాలం చివర, వీధుల్లో మంచు ఇంకా మురికి కుప్పలుగా పడి ఉండగానే ఎన్నికలు వచ్చాయి. అంతకుముందు మా ఇంట్లో ఎన్నికల ఊసే ఉండేది కాదు. ఎవరు గెలవాలో శ్రీనగర్‌లో సగం, ఢిల్లీలో సగం మాట్లాడుకుంటారని, దానికి ముద్ర గుద్ది రావడమే మన వంతని మా నాన్న అనేవాడు. ఆయన పోయాక ఇంట్లో మిగిలింది అమ్మ, నేను, నా తమ్ముడు ఫిర్దౌస్. మొగుడు పోయాక నేను పుట్టింటికి వచ్చేశాను. నూర్‌గుండ్ బజారులో గడియారాలు బాగుచేసే చిన్న కొట్టు ఫిర్దౌస్‌ది. వాడికి సంబంధం కుదిరింది. వరికోతలు అయ్యాక పెళ్ళి చేద్దామనుకున్నాం.

అలాంటి ఇంట్లోకి సోఫీ మాస్టారి లాంతరు గుర్తు వచ్చి కూర్చుంది. ఊళ్ళో సగంమందికి అక్షరాలు నేర్పిన మనిషి ఆయన, ఏ పార్టీ అండా లేకుండా నిలబడ్డారు. ఆయన మీద ఢిల్లీ కూటమి నిలబెట్టినవాడు ఖాండే. అడవి కాంట్రాక్టర్. కొండ మీద దేవదారు చెట్టు కనిపిస్తే వాడి కంటికి దూలమే కనిపిస్తుంది.

"అక్కా, ఈసారి వేరే," అన్నాడు ఫిర్దౌస్ గోడకి లాంతరు బొమ్మ అంటిస్తూ.

"ఏం వేరే? అప్పుడూ పెట్టె పెట్టారు, ఇప్పుడూ పెడతారు."

"పెట్టె అదే. లోపల పడేది మనది."

"నీ గడియారాలకి వేసే నూనె కాస్త నీ బుర్రకి కూడా వేసుకోరా," అన్నాను. వాడు నవ్వాడు. అన్నానే గాని, నాకూ లోపల ఎక్కడో కదిలింది. అమ్మకైతే పండగే. మాస్టారు మా వీధిలోకి వచ్చిన రోజు కిటికీలోంచి ఆయన మీద దోసెడు బాదం పప్పులు పోసింది. వాటిని ఏరుకోవడానికి పిల్లలు ఆయన కాళ్ళ మధ్య దూరితే ఆ పెద్దమనిషి పడబోయి నిలదొక్కుకున్నాడు.

మాస్టారికి పాట ఎత్తింది నేనే. మా ఊళ్ళో పెళ్ళయినా, హజ్ చేసి ఎవరైనా తిరిగొచ్చినా వన్వున్ పాడతారు. ఆడవాళ్ళు రెండు వరుసలుగా ఎదురెదురు నిలబడి, ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతారు. మొదటి వరుస ఒక పాదం పాడుతుంది. అదే పాదాన్ని జవాబు వరుస తిరిగి పాడుతుంది. జవాబు వస్తేనే పాట, లేకపోతే ఒంటరి కేక. మొదటి వరుస మా ఇంటిది. అమ్మ గొంతు సన్నగిల్లాక నాకు వచ్చింది. జవాబు వరుస ఖతీజ్ పిన్నిది.

మా ఇంటికి ఎదురుగా ఉన్న రొట్టెల కొట్టువాడి పెళ్ళాం ఆవిడ. పిన్ని అని పిలుస్తానే గాని మా మధ్య చుట్టరికం లేదు, పెద్ద ప్రేమా లేదు. పొద్దున్నే రొట్టెలకి వెళితే మాడిన రొట్టె నాకే వచ్చేది. "మాడలేదే, నీ మొహం చూసి కమిలింది," అనేది. పెళ్ళిపందిట్లో మాత్రం నేను పాదం వదిలీ వదలకముందే అందుకునేది. అంత బాగా నా ఊపిరి ఎక్కడ ఆగుతుందో కట్టుకున్న మొగుడికి కూడా తెలియలేదు.

ఆ పాటకి అమ్మ పెట్టిన నియమం ఒకటుంది. మనిషి గడప తొక్కేదాకా పాట ఎత్తకూడదు. వస్తున్నవాణ్ణి పాడితే దారిలోనే దిష్టి తగులుతుందని ఆవిడ భయం. ఇంకొకటి ఆవిడ నేర్పకుండానే అందరికీ తెలుసు. పెళ్ళి కాకుండా చనిపోయిన కుర్రాడి శవాన్ని మోసుకెళ్ళేటప్పుడు కూడా ఇదే పాడతాం. అదే బాణీ, అవే మాటలు.

ఓటు వేసే రోజు అమ్మని ఫిర్దౌస్ వీపు మీద మోసుకెళ్ళాడు. నీళ్ళోడుతున్న మంచులో బారులు తీరిన ఆడవాళ్ళం, పొడుగాటి ఉన్ని అంగీల్లాంటి ఫెరన్ల లోపల నిప్పుకుండలు పట్టుకుని ఒకరిని ఒకరు తోసుకుంటూ నిలబడ్డాం. అమ్మ లోపలికెళ్ళి ఎంతకీ రాదు. చివరికి ఒక గుమాస్తా బయటికొచ్చి, "ఈ ముసలమ్మ ఎవరి తాలూకు? కాగితం మడవనంటోంది," అన్నాడు. ముద్ర తడి ఆరకముందే మడిస్తే పక్క గుర్తుకి అంటుకుంటుందని, నోటితో ఊదుతూ నిలబడిందట.

"నా ఓటు వాడికి అంటుకుంటే ఎవరిది పూచీ?" అంది వస్తూనే. వీధి వీధంతా చాలారోజులు ఆ మాట చెప్పుకుని నవ్వింది.

ఓట్ల లెక్కింపు కాలేజీలో. సోఫీ మాస్టారి తరఫున లోపల కూర్చున్నవాళ్ళలో ఫిర్దౌస్ ఉన్నాడు. ఆడవాళ్ళం ప్రహరీ బయట, ఎండ పడే చోటు చూసుకుని గుంపుగా నిలబడ్డాం. మధ్యాహ్నం నమాజు వేళకి ఫిర్దౌస్ గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. వాడి మొహం చూస్తేనే తెలిసిపోయింది.

"ఖాండే వెళ్ళిపోయాడక్కా! శాలువా మొహానికి కప్పుకుని వెనక గుమ్మంలోంచి పోయాడు. ఇంకా లెక్కపెట్టాల్సినవి మన వీధులవే."

ఖతీజ్ పిన్ని నా డొక్కలో పొడిచింది. "ఎత్తవే పాట."

"మాస్టారు ఇంకా బయటికి రాలేదు పిన్నీ."

"గెలిచినవాడు రాకుండా లోపలే కాపురం పెడతాడా? ఎత్తు."

"అమ్మ ఒప్పుకోదు. గడప తొక్కాలి."

"మీ అమ్మ గడప పెళ్ళికొడుకులకి. ఇది సర్కారు గడప, ఎన్నిసార్లు తొక్కినా అరగదు. ఎత్తు ముందు, నాకు కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి."

ఎత్తాను. ఎవరో నిప్పుకుండలో దిష్టి తీసే ఇస్బంద్ గింజలు వేశారు, చిటపటమని పొగ లేచింది.

"లాంతరు వెలిగిందమ్మా, లోయంతా తెల్లారింది."

లాంతరు వెలిగిందమ్మా, అని జవాబు వరుస అందుకుంది. ఖతీజ్ పిన్ని గొంతు ఆ రోజు పాడినంత బాగా ఏ పెళ్ళిలోనూ పాడలేదు. మగవాళ్ళు టోపీలు ఎగరేశారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఊరికే చెప్పడం కాదు, ఆ కాసేపూ ఆ కాలేజీ, ఆ రోడ్డు, ఆ పోలీసువాడి లాఠీ కూడా మావే అనిపించాయి.

అప్పుడు ఒక తెల్ల కారు వచ్చింది. అందులోంచి దిగిన దొర మా భాషవాడు కాదు. ఎవరికీ సలాము చెప్పకుండా లోపలికి పోయాడు. లెక్కింపు ఆగిందన్నారు. లోపలి టెలిఫోను మోగుతూనే ఉందన్నారు. మా మనుషుల్ని హాల్లోంచి వరండాలోకి, వరండాలోంచి మెట్ల మీదికి నెట్టారు. పొద్దు వాలుతుండగా ఒక జీపు వచ్చి ఆగింది. వెనక సీట్లో ఖాండే. అదే శాలువా. ఇంట్లో పడుకున్నవాణ్ణి లేపి తెచ్చారట, చెంప మీద దిండు గీతలు ఇంకా పోలేదు. తాను గెలిచిన సంగతి అందరికంటే ఆఖర్న తెలిసింది వాడికే.

మైకులో ఒకడు ఖాండే పేరు చదివాడు. మొదట ఎవరికీ అర్థం కాలేదు. రెండోసారి చదివాక జనం గేటు మీద పడ్డారు. లాఠీలు లేచాయి. నేను కింద పడితే ఖతీజ్ పిన్ని నా జుట్టు పట్టుకుని పక్కకి లాగింది. లాగుతూనే, "నువ్వు పాడకుండా ఉండాల్సింది," అంది.

"నువ్వే కదా పాడమన్నావ్!"

"నేను చెప్పినవన్నీ వింటావా ఎప్పుడైనా? దీనికే వినాలా?"

ఆ సాయంత్రమే సోఫీ మాస్టారినీ, ఫిర్దౌస్‌నీ, ఇంకా చాలామందినీ పట్టుకుపోయారు. కేసులో ఏం రాశారో తెలుసా? ఫలితం చెప్పకముందే ఊరేగింపు జరిపి, పాటలు పాడి, జనాన్ని అల్లర్లకి ఉసిగొల్పారని. ఓట్లు మింగినవాడు కాంట్రాక్టరు, నేరం చేసింది పాట. అమ్మకి ఆ సంగతి చెప్పలేదు. చెప్పకపోయినా ఆవిడ నియమం ఆవిడకి గుర్తే ఉంది. కొన్నాళ్ళు నా వైపు సరిగ్గా చూడలేదు.

ఆ తర్వాత ఠాణా చుట్టూ తిరగడమే నా బతుకైంది. వండుకెళ్ళిన అన్నం, ఆకుకూర గేటు దగ్గర సిపాయిలు తినేవాళ్ళు. "ఉప్పు తక్కువైందమ్మా," అనేవాడొకడు, సిగ్గు లేకుండా. ఒకసారి మాత్రం ఎవరి కాళ్ళో పట్టుకుంటే లోపలికి పోనిచ్చారు. ఫిర్దౌస్ ఊచల అవతలికి వచ్చి నిలబడ్డాడు. ఫెరన్ చేతులు వేలాడుతున్నాయి, వాడి చేతులు మాత్రం లోపల ఉన్నాయి.

"చెయ్యి బయట పెట్టరా, రొట్టె ఇస్తాను."

"అక్కడ పెట్టు, తర్వాత తింటా."

"చెయ్యి చూపించరా."

"చలిగా ఉందక్కా," అన్నాడు.

బయట బాదం చెట్లు పూసి ఉన్నాయి. చెమట పడుతోంది నాకు. సిపాయి టైము అయిందన్నాడు. రొట్టె ఊచల మధ్య పెట్టి వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి నంబర్దార్ రంజాన్ మా గుమ్మంలో కూర్చుని అమ్మ ఇచ్చిన ఉప్పు టీ తాగుతున్నాడు. శిస్తు వసూలు చేసే పెద్దరికం వాళ్ళ తాతల నాటిది. ఎవరు గద్దెనెక్కినా వాళ్ళ టోపీ రంగు రంజాన్ తలమీదికి వచ్చేది. నిన్నటిదాకా లాంతరు బిళ్ళ పెట్టుకు తిరిగినవాడే.

"నీ తమ్ముడి కేసు ఒక్క మాటతో పోతుంది జైతూనా. ఖాండే సాబ్‌ది మంచి మనసు."

"అయితే ఆ మాటేదో అనమను. నా గుమ్మంలో నీకేం పని?"

"ఢిల్లీ నుంచి మంత్రిగారొస్తున్నారు. టీవీవాళ్ళు కూడా వస్తున్నారు. మన ఆడవాళ్ళు వన్వున్ పాడి లోపలికి తీసుకెళితే బాగుంటుందని..."

"ఎవరికి బాగుంటుంది?"

"అందరికీ. జనం సంతోషంగా ఉన్నారని వాళ్ళకి తెలియాలిగా."

"జనం సంతోషంగా లేరు."

"అది తెలియక్కర్లేదుగా," అన్నాడు, టీలో రొట్టె ముంచుకుంటూ. "నువ్వు పాడిన సాయంత్రానికి వాడు ఇంట్లో ఉంటాడు. లేకపోతే జమ్మూ జైలుకి పంపుతున్నారు. ఎండలకి అక్కడ మనవాళ్ళు తట్టుకోలేరు, నువ్వే ఆలోచించు."

ఆ కప్పు లాక్కుని వాడి నెత్తిన పోయాలనిపించింది. పోసేదాన్నే. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"పాడవే. పాటదేముంది, నోట్లోది. నాకు నా కొడుకుని తెచ్చిపెట్టు."

మర్నాడు రొట్టెల కొట్టు దగ్గర, ఆడవాళ్ళందరూ ఉండగానే అడిగాను. తలొంచుకుని అడగలేదు, నాకది చేతకాదు. పాడాలి, మీరు రావాలి అన్నాను. పొయ్యి గోడకి రొట్టె చరుస్తూ ఖతీజ్ పిన్ని అంది.

"మాస్టారికి పాడిన నోటితో దొంగకి పాడమంటావ్?"

"నీ కొడుకు లోపల లేడు పిన్నీ."

"లేడు. అందుకే నాకు నోరు లేస్తోంది."

"జమ్మూకి పంపేస్తారట."

"ఊఁ."

"వాడి చెయ్యి చూపించలేదు నాకు," అన్నాను. అనాలనుకోలేదు, వచ్చేసింది.

ఆవిడ రొట్టె చరచడం ఆపింది. "ఎప్పుడు?" అంది.

"జుమ్మా నమాజు అయ్యాక."

ఆ రోజు నా చేతిలో మాడని రొట్టెలు పెట్టింది. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

జుమ్మా రోజు ఆడపిల్లల బడి ఆవరణలో షామియానా వేశారు. నేల మీద తివాచీలు, వాటి చుట్టూ తుపాకులు. మొదటి వరుసకి నావైపు చుట్టాలు నలుగురు వచ్చారు, అదీ ఫిర్దౌస్ మొహం చూసి. జవాబు వరుసకి ఎవరూ రారనుకున్నాను. కానీ ఖతీజ్ పిన్ని వచ్చింది, తన వరుస మొత్తాన్ని వెంటేసుకుని. మంచి ఫెరన్ వేసుకుంది, చెవులకి బరువు జూకాలు పెట్టుకుంది. ఎదురుగా నిలబడి, పక్కవాళ్ళ భుజాల మీద చేతులేసింది. నా ప్రాణం లేచొచ్చింది.

కార్లు వచ్చాయి. ఖాండే గొర్రెపిల్ల తోలుతో చేసిన కొత్త కరకుల్ టోపీ పెట్టుకుని మంత్రికి దారి చూపిస్తున్నాడు. టీవీ కెమెరావాడు మా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రంజాన్ నాకు సైగ చేశాడు.

"దూరాల నుంచి వచ్చావు దొరా, దారులన్నీ పూచాయి," అని ఎత్తాను.

జవాబు రాలేదు.

ఆ వరుస ఊగింది. ఎప్పటిలాగే ముందుకొచ్చింది, వెనక్కి వెళ్ళింది. పెదవులు మాత్రం కదల్లేదు. షామియానా తాళ్ళు గాలికి గుంజకి కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. నేను ఖతీజ్ పిన్ని మొహంలోకి చూశాను. కోపం లేదు, ఎగతాళి లేదు. నా ఊపిరి ఎక్కడ ఆగుతుందో తెలిసిన మనిషి, సరిగ్గా అక్కడ నన్ను వదిలేసి నిలబడింది. నా వైపువాళ్ళ గొంతులు కూడా ఒక్కొక్కటే తగ్గిపోయాయి.

రెండో పాదం ఎత్తాను. మళ్ళీ ఏమీ లేదు. జవాబు వరుస ఊగింది. ఆపేస్తే తమ్ముడు జమ్మూకి పోతాడు. మూడో పాదం ఎత్తాను, నాలుగోదీ ఎత్తాను. ప్రతి పాదం తర్వాతా ఆ పాదమంత పొడుగు ఖాళీ.

ఖాండే ఎంత దొంగైనా మా ఊరివాడే. వాడి తల్లి కూడా ఈ వరుసల్లో నిలబడి పాడిందే. వాడి మొహం పాలిపోయింది. రంజాన్ అయితే చెప్పుల వంక చూస్తున్నాడు. ఇక అయిపోయిందనుకున్నాను, పాటా తమ్ముడూ రెండూ పోయాయని. అంతలో మంత్రి చప్పట్లు కొట్టాడు.

"ఆహా, ఏం గొంతు! ఒకరు పాడుతుంటే మిగతావాళ్ళు ఎంత శ్రద్ధగా వింటున్నారో చూడండి. మా వైపైతే అందరూ ఒకేసారి అరుస్తారు."

ఖాండే టోపీ సర్దుకున్నాడు. తర్వాత, "అవును సార్, ఇది మా ఆచారం," అన్నాడు.

మంత్రి నా దగ్గరికొచ్చి మెడలో ఒక పూలదండ వేశాడు. జనం గుండెల్లోంచి వచ్చిన స్వాగతమని కెమెరావాడితో చెప్పాడు. ఆ తర్వాత టీవీలో చూపించినప్పుడు, ఆ ఖాళీలన్నీ సంతూర్ వాయిద్యంతో నింపేశారు. వినడానికి చాలా బాగుందట.

తిరిగి వస్తుంటే దారిలో ఖతీజ్ పిన్నిని నిలేశాను. "పాడనిదానివి ఎందుకొచ్చావ్? నన్ను అక్కడ బజారుపాలు చెయ్యడానికా?"

"రాకపోతే వరుస లేదని నిన్ను పాడనిచ్చేవాళ్ళు కాదు, నీ తమ్ముణ్ణి వదిలేవాళ్ళు కాదు. నీకు తమ్ముడు కావాలి, పాడావు. నాకు నా నోరు కావాలి, మూసుకున్నా. ఇద్దరి పనీ అయింది, పద." నా మెడలోని దండ లాగి కాలవలో పారేసి ముందుకి నడిచింది.

చెప్పిన మాట ప్రకారం సాయంత్రానికి ఫిర్దౌస్‌ని వదిలేశారు. అమ్మ వాడి తల ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తుంటే కుడిచెయ్యి బయటపడింది. రెండు వేళ్ళు వంగడం లేదు. గోళ్ళు లేవు. నేను వేణ్ణీళ్ళు పెట్టడానికి లేచి వెళ్ళిపోయాను.

వాడు కొట్టు తెరిచాడు. కంటికి భూతద్దం పెట్టుకుని కూర్చునేవాడు. పట్టకారు పట్టుకునేవాడు, అది జారిపోయేది, వంగి తీసుకునేవాడు. ఓ వారం అలా చూసి, జనం ఇచ్చిన గడియారాలన్నీ ఎవరివి వాళ్ళకి తిరిగి ఇచ్చేశాడు. బాగుచేయడానికి తీసుకున్న డబ్బు వాపసు ఇస్తే ఎవరూ తీసుకోలేదు.

ఒక మధ్యాహ్నం అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు.

"మంత్రికి పాడావటగా."

"నీకోసం పాడాను."

"తెలుసులే. జవాబు రాలేదటగా?"

"రాలేదు."

"మరి వాడికి తెలియలేదా?"

"మన ఆచారమే అదనుకున్నాడు. చప్పట్లు కొట్టాడు."

ఫిర్దౌస్ నవ్వాడు. ఠాణా నుంచి వచ్చాక నవ్వడం అదే మొదలు. చాలాసేపు నవ్వాడు, నాకు భయం వేసేంతసేపు.

"ఓటేస్తే వినపడలేదు. నోరు మూసుకున్నా వినపడలేదు. ఇక వాళ్ళకి ఏం చేస్తే వినపడుతుందక్కా?"

"నాకేం తెలుసురా? పెళ్ళి చేసుకో. పిల్లలు పుడితే వాళ్ళ గోలలో నీకు ఇంకేదీ వినపడదు," అన్నాను.

"అలాగే," అన్నాడు.

బాదం పిందెలు గట్టిపడ్డాయి. పైన సరిహద్దు కనుమల్లో మంచు కరిగి దారులు తెరుచుకున్నాయి. ఒకరోజు అమ్మ వేయించి పెట్టుకున్న మొక్కజొన్న పిండి డబ్బా ఖాళీగా కనిపించింది. కొట్టు తాళంచెవి గోడ మేకుకి వేలాడుతోంది. ఫిర్దౌస్ పక్కమీద లేడు. ఎటు వెళ్ళాడని మేం ఎవరినీ అడగలేదు. ఎవరూ మమ్మల్ని అడగలేదు. పిల్లవైపువాళ్ళు కబురు పెట్టకుండానే సంబంధం మానుకున్నారు. తర్వాత తర్వాత మరికొన్ని ఇళ్ళ మేకులకి కూడా అలాగే తాళంచెవులు వేలాడాయి.

అమ్మతో మాత్రం, అమృత్‌సర్‌లో గడియారాల కంపెనీలో పని దొరికిందని చెప్పాను. నమ్మింది. ముద్ర ఆరలేదని కాగితం మీద ఊదిన మనిషి, నమ్మడం ఆవిడకి అలవాటే.

ఆ తర్వాత మళ్ళీ ఎన్నికలు వచ్చేటప్పటికి వీధికొక ఇసుక బస్తాల గోడ లేచింది. బడిలో పెట్టె పెట్టారు. దాని చుట్టూ సైనికులు. మా వీధిలో ఒక్క గుమ్మం తెరుచుకోలేదు. కిటికీల వెనక నుంచి ఆ బడి వైపు చూస్తూ కూర్చున్నాం. రోజంతా అటు వెళ్ళింది రెండు కుక్కలు, ఒక నంబర్దారు.

మర్నాడు పొద్దున్న రొట్టెలకి దిగాను. రంజాన్ కొట్టు ముందు నిలబడి ఉన్నాడు, కొత్త టోపీతో. వీధి మలుపులో సైనికులు వింటున్నారని కాబోలు, గొంతు పెంచి మాట్లాడుతున్నాడు.

"పోలింగు ప్రశాంతంగా జరిగింది. మన వీధి పరువు నిలబెట్టింది. ఓట్లు బ్రహ్మాండంగా పడ్డాయి."

"ఎవరివి? మేం గుమ్మం దిగలేదే," అన్నాను.

"దిగకపోతేనేం, పడ్డాయిగా. మీ ఇంట్లోవి మూడూ పడ్డాయి."

పైన మా కిటికీ తలుపు కిర్రుమంది. అమ్మకి కళ్ళు మసకబారాయి గాని చెవులు పామువి.

"మూడా?" అంది. "మా ఫిర్దౌస్‌ది కూడానా?"

రంజాన్ నా వంక చూశాడు. మలుపులో సైనికుల వంక చూశాడు. కాదంటే ఒక రకం చావు, అవునంటే ఇంకో రకం చావు.

"పడిందమ్మా," అన్నాడు.

"ఎప్పుడొచ్చాడు?"

జవాబు కోసం అమ్మ ఆగలేదు.

"ఓటేసినవాడు ఇంటికి రాకుండా ఎక్కడికి పోతాడు? ఊళ్ళోనే ఎక్కడో ఉండి ఉంటాడు. సిగ్గుపడుతున్నాడేమో చెప్పకుండా పోయినందుకు. జైతూనా, ఇంకో రొట్టె తీసుకో. టీకి సమోవార్ రగిలించు."

"చెప్పు," అన్నాను రంజాన్‌తో, పళ్ళు బిగించి. "నిన్న నీ చేత్తో గుద్దావుగా వాడి ముద్ర. ఇప్పుడు ఆ నోటితోనే చెప్పు మా అమ్మకి, వాడెక్కడున్నాడో."

వాడు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఊరు మొత్తం మీద ఆ ఎన్నికని నమ్మింది మా అమ్మ ఒక్కతే.

అప్పుడు అమ్మ పాట ఎత్తింది. మనిషి గడప తొక్కేదాకా నోరు విప్పకూడదని నాకు నేర్పిన మనిషి, కిటికీలోంచి సగం ఒళ్ళు బయటపెట్టి, చీలిపోయిన గొంతుతో ఎత్తింది.

"గుమ్మం కడిగి ఉంచాను, నా పెళ్ళికొడకా, రా."

ఆ పాదం వీధి మధ్య నిలబడిపోయింది. పొయ్యి వెనక నుంచి, మోచేతుల దాకా పిండితో, ఖతీజ్ పిన్ని జవాబు అందుకుంది. గుమ్మం కడిగి ఉంచాను. తొందరపడకుండా, ఒక్క మాట వదలకుండా పాడింది.

ఆ పాట ఇంటికొచ్చే పెళ్ళికొడుక్కి పాడేదే. రాకుండా పోయినవాడికి పాడేదీ అదే. పిన్ని దేనికి జవాబిచ్చిందో నేను అడగలేదు. ఆవిడ మూడు రొట్టెలు గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టింది. నేను లోపలికి వెళ్ళి సమోవార్ రగిలించాను.